మారికుప్పం బండిలో రెండు గిటార్లు

కోరమండల్ స్టేషన్లో పొద్దున బండి కోసం వచ్చే ఆడవాళ్ళంతా ప్లాట్‌ఫారం ముందు కొసన గుంపుగా నిలబడతారు. లేడీస్ పెట్టె అక్కడే ఆగుతుంది. ఉమాదేవి కూడా ఏళ్ళ తరబడి ఆ గుంపులోనే నిలబడింది. భుజాన సంచీ, అందులో సంగటి డబ్బా, నీళ్ళ సీసా, ఒక చిన్న కత్తెర. బంగారు గనులు మూతపడ్డాక మా కేజీఎఫ్‌లో సగం ఇళ్ళకు మారికుప్పం బండే అన్నం పెట్టింది. తెల్లారీ తెల్లారకముందే బెంగళూరుకు పోవడం, పొద్దుగూకినాక రావడం. ఆదివారం ఒక్కటే పిల్లల ముఖాలు వెలుతురులో కనబడేది.

ఉమాదేవి మొగుడు ఈశ్వరప్ప గని కట్టెల డిపోలో పని చేసేవాడు. గని మూశాక రాబర్ట్‌సన్‌పేటలో ఆటో పట్టాడు. ఆటో నడిచింది గానీ ఇల్లు నడవలేదు. అప్పుడు ఉమాదేవి కృష్ణరాజపురం దగ్గర ఒక గార్మెంట్స్‌లో చేరింది. షర్టులకు కాలర్లు కుట్టే పని. షర్టు మొత్తం ఎప్పుడూ ఆమె చేతికి రాదు. కాలర్లు వస్తాయి, కుడుతుంది, పక్క మిషనుకు పోతాయి. ఇంటికొచ్చి కళ్ళు మూసుకున్నా కాలర్లే కనబడేవని నాతో చెప్పింది. వాళ్ళిల్లు మా వెనక వీధిలోనే. ఈ సంగతులన్నీ ఒకటొకటిగా ఆమె చెప్పగా విన్నవే.

పాటల మీద ఆమెకు పెద్ద మోజేమీ లేదు. చిన్నప్పుడు ఇంట్లో రేడియో, తర్వాత టీవీ, ఆ తర్వాత ఫోను. పాట అంటే ఏదో ఒక పెట్టెలోంచి వచ్చేదే. ఎదురుగా మనిషి కూర్చుని వాయిస్తుంటే వినడం గుడిలో నాదస్వరానికీ, చావు ఇంటి తప్పెటకూ తప్ప ఆమె ఎరగదు.

ఒక శ్రావణమాసంలో వాన పట్టుకుంది. ఆ రోజు ఇంట్లోంచి బయల్దేరడమే ఆలస్యం. ఆమె ప్లాట్‌ఫారం ఎక్కేసరికి బండి కదులుతోంది. ముందుకు పరుగెత్తే వీలు లేక చేతికి అందిన చివరి పెట్టెలోకి ఎక్కేసింది. లోపల అంతా మగవాళ్ళు. నలుగురు తువ్వాలు పరిచి పేకాడుతున్నారు, ఒకాయన నిలబడే నిద్రపోతున్నాడు. ఉమాదేవి తలుపు పక్కన గోడకు ఆనుకుని, తడిసిన కొంగు పిండుకుంటూ నిలబడింది.

బంగారుపేటలో ఇద్దరు ఎక్కారు. ఇద్దరి వీపులమీదా నల్ల సంచులు. అందరూ వాళ్ళకోసమే ఎదురుచూస్తున్నట్టు పేకాటవాళ్ళు తువ్వాలు మడిచి చోటిచ్చారు. ఇద్దరూ ఎదురుబదురుగా కూర్చుని గిటార్లు బయటికి తీశారు. పెద్దాయన పేరు మునేష్, నలభై దాటినవాడు, బెంగళూరులో ఒక కాలేజీ ల్యాబ్‌లో అటెండర్. రెండోవాడు చంద్రు, వైట్‌ఫీల్డ్‌లో వెల్డర్, ఇంట్లో తమిళం. సాయంత్రాలు ఇద్దరూ కృష్ణరాజపురంలో పిల్లలకు గిటారు నేర్పేవాళ్ళు, అందుకని గిటార్లు రోజూ వాళ్ళతోనే బండెక్కేవి. ఈ వివరాలన్నీ ఉమాదేవికి తర్వాత తెలిశాయి. ఆ రోజు తెలిసింది ఒక్కటే. వాళ్ళు వాయించడం మొదలుపెట్టగానే ఆమె కొంగు పిండడం మరిచిపోయింది.

వాళ్ళు వాయించింది సినిమా పాట కాదు. చంద్రు వాళ్ళ అవ్వ ఊళ్ళో నాట్లప్పుడు పాడుకునే తమిళ పాట. తర్వాత మునేష్ ఒక కన్నడ కోలాటం పాట ఎత్తుకున్నాడు. ఒకరు తీగలమీద తాళం వేస్తుంటే ఇంకొకరు పాట వెంట వేళ్ళు నడిపించారు. బండి చప్పుడు కింద నుంచి, వాన చప్పుడు పైనుంచి. అయినా ప్రతి తీగా వినబడింది. మాలూరు ఎప్పుడొచ్చిందో ఆమె చూసుకోలేదు.

మర్నాడు వాన లేదు, ఆలస్యమూ లేదు. అయినా చివరి పెట్టెకే పోయింది.

లేడీస్ పెట్టెలో ఆమె జతగత్తె రత్న. ఇద్దరిదీ ఒకే గార్మెంట్స్. మూడోనాడు రత్న పట్టుకుని అడిగింది.

"ఏందే, మా పెట్టెలో నీకు ముళ్ళు గుచ్చుకుంటాండాయా?"

"అది కాదు రత్నా. ఆ పెట్టెలో గిటారు వాయిస్తారు."

"గిటారా? ఫోన్లో ఇనొచ్చు కదా, సుమ్నే, ఊరికే కూర్చుని."

"ఫోన్లో ఇనేది యేరే. నువ్వొకసారి వచ్చి సూడు."

రత్న ఒకసారి వచ్చి చూసింది. నిలబడలేక కాళ్ళు నొప్పని మళ్ళీ లేడీస్ పెట్టెకే పోయింది. కానీ ఎవరో ఈశ్వరప్ప చెవిన వేశారు, మీ ఆవిడ మగవాళ్ళ పెట్టెలో పోతోందని. రాత్రి అన్నం దగ్గర ఆయన అడిగాడు. ఉమాదేవి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఆడ సీటు దొరుకుతాదా?" అన్నాడు ఈశ్వరప్ప.

"యాడ దొరుకుతాది? నిలబడతాను."

"అంతసేపూ నిలబడి ఇంటావా?"

"ఇంటాను."

ఈశ్వరప్ప అన్నం కలుపుకుంటూ, "సరే, ఇను," అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఉమాదేవి చాలా రోజులు వాళ్ళతో మాట్లాడలేదు. ఒక అనుమానం మాత్రం ఆమెను తొలిచింది. టీవీలో చూసిన గిటార్లకు తోకలాగా వైరు వేలాడుతుంది. వీటికి లేదు. బ్యాటరీ లోపల ఉంటుందేమో అనుకుంది. ఒకరోజు జనం పలచగా ఉన్నప్పుడు అడిగేసింది.

"అప్పా, దీనికి కరెంటు యాణ్ణించి వస్తాది?"

మునేష్ నవ్వాడు గానీ ఎగతాళిగా కాదు. "కరెంటు లేదక్కా. ఉత్త కట్టె. లోపల బోలు."

"ఉత్త కట్టెకి ఇంత గొంతా?"

"చెయ్యి పెట్టి సూడు."

గిటారు పొట్టమీద ఆమె అరచెయ్యి ఆనించింది. మునేష్ లావు తీగను మీటాడు. కట్టె వణికింది. ఆ వణుకు ఆమె అరచేతిలోంచి మణికట్టు దాకా పాకింది. గార్మెంట్స్‌లో మిషను మీద చెయ్యి పెట్టినా వణుకుతుంది, కానీ దానితో చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఇది అలా లేదని, చేతిలో పిచ్చుకను పట్టుకున్నట్టుందని చెప్పింది.

ఆ గిటారు మునేష్ చేతికి ఎలా వచ్చిందో కూడా అప్పుడే విన్నది. గని మూసిన ఏడాది క్వార్టర్లు ఖాళీ చేసి పోయేవాళ్ళు ఇంటి సామాన్లు వీధిలో పెట్టి అమ్ముకున్నారు. మంచాలు, కుర్చీల నడుమ ఈ గిటారు రెండు తీగలు తెగి పడివుంది. అడిగినవాళ్ళు లేరు. మునేష్ తెచ్చుకుని, వాయించే వాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగి నేర్చుకున్నాడు. చంద్రు అతని దగ్గరే నేర్చుకున్నాడు. అందుకే ఇద్దరి చేతులకూ అంత పొందిక.

వాళ్ళకు పాటలు ఎప్పుడూ చాలేవి కావు. మునేష్ పెట్టెలో ఉన్న అందరినీ అడిగేవాడు. "మీ ఇంట్లో ముసలోళ్ళు పాడేదేమన్నా ఉంటే ఈండప్పా. పల్లవి తెలిస్తే సాలు." కొందరు ఇచ్చారు. ఉమాదేవికి ఒక పాట తెలుసు. వాళ్ళమ్మ తాయమ్మ చిన్నప్పుడు తనను కాళ్ళమీద పడుకోబెట్టుకుని పాడేది. తాయమ్మది ముళబాగిలు తాలూకా బైరకూరు. పెళ్ళై గని కూలీల లైన్ ఇళ్ళకు వచ్చేదాకా రాగి చేలల్లో కలుపు తీసిన మనిషి. ఆ పాట కలుపు పాటే.

ఉమాదేవికి నలుగురిలో నోరు పెగలదు. చెప్పాలనుకోవడం, స్టేషన్ రావడం, దిగిపోవడం. ఇలా కొన్ని వారాలు గడిచాక ఒకనాడు టేకల్ దాటినాక వంగి మునేష్ చెవి దగ్గర పాడింది.

"సాలెంబడి సాలొచ్చె సన్నరాగి సేను,
సాలు దాటితె అత్త సద్ది పెట్టదమ్మా!
మబ్బు కమ్మెను గాని వాన రాదమ్మా,
వాన వచ్చేదాక వంగేది మేమమ్మా!"

మునేష్ మళ్ళీ పాడమన్నాడు. మూడోసారికి చంద్రు తాళం అందుకున్నాడు. మాలూరు వచ్చేసరికి పాట రెండు గిటార్ల మీదా పరుగు తీసింది. బండి వేగానికి సరిపోయేలా చంద్రు తీగలు గబగబా కొట్టాడు. "సద్ది పెట్టదమ్మా" అన్నచోట పెట్టెలో ఉన్నవాళ్ళంతా అందుకున్నారు. పేకాటవాళ్ళు సీటు చెక్కమీద దరువేశారు. ఉమాదేవి తల వంచుకుని నిలబడింది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

వారంలో ఆ పాట ఆ పెట్టెకు సొంతమైపోయింది. సద్ది పాట వాయించండప్పా అని అడిగి వాయించుకునేవాళ్ళు. రత్న కూడా ఎవరి నోటనో విని గార్మెంట్స్‌లో మిషను దగ్గర కూనిరాగం తీసేది, అది ఎవరింటి పాటో తెలియకుండానే.

ఉమాదేవి ఈ సంగతి వాళ్ళమ్మకు చెప్పింది. తాయమ్మ అప్పటికి డెబ్బై దాటింది. మొగుడు చిన్నవెంకటప్ప గనిలో డ్రిల్లింగ్ చేసి, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని చాలాకాలం కిందటే పోయాడు. ఆమె లైన్ ఇంట్లో ఒక్కతే ఉండేది, కూతురింటికి నాలుగిళ్ళ అవతల.

"నా పాటనా? గిటారులోనా?" అంది తాయమ్మ. "ఎగతాళికొచ్చినావేమే?"

"ఎగతాళి కాదమ్మా. రైల్లో అంతా పాడతాండారు."

"కలుపు పాట రైల్లో ఎందుకు? రైల్లో కలుపు ఉండాదా?"

ఫోన్లో పట్టుకొచ్చి వినిపిద్దామనుకుంది ఉమాదేవి. రికార్డు చేసింది కూడా. విని చూస్తే బండి చప్పుడు, దగ్గులు, ఎవరో చాయ్ చాయ్ అని అరుపు. గిటారు ఎక్కడో డబ్బాలో గింజలు కదిలినట్టు వినబడింది. అది చెరిపేసి, వాళ్ళమ్మనే బండెక్కించాలని నిశ్చయించుకుంది.

తాయమ్మను ఒప్పించడానికి చాలా పట్టింది. ఆమె ఎప్పుడూ బెంగళూరు చూడలేదు, చూడాలని అనుకోనూ లేదు. చివరికి ఒక శనివారం ఉమాదేవి పనికి రజా పెట్టింది. వైట్‌ఫీల్డ్ దాకా పోయి, అక్కడే దిగి, ఎదురొచ్చే బండిలో వెనక్కి రావాలన్నది ఒప్పందం. తాయమ్మ ట్రంకుపెట్టెలోంచి నీలిరంగు చీర తీసి కట్టుకుంది. సీసాలో మజ్జిగ పోసుకుంది.

చివరి పెట్టెలో ఆమెను చూడగానే ఇద్దరు లేచి కిటికీ పక్క సీటు ఇచ్చారు. బంగారుపేటలో మునేష్, చంద్రు ఎక్కారు. ఉమాదేవి చూపించి చెప్పింది, "మాయమ్మ. పాట ఈమెదే." మునేష్ గిటారు తీయకముందే వంగి తాయమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆమె బెదిరి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

సద్ది పాట వాయించారు. పెట్టె మొత్తం పాడింది. ఆ రోజు అందరూ కొంచెం గట్టిగానే పాడారు, ఆమె వింటోందని. తాయమ్మ కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చుంది. బయట రాగి చేలు పోతున్నాయి. పాట అయిపోయింది. అందరూ ఆమె ఏమంటుందా అని చూశారు.

"బాగుండాదప్పా," అంది తాయమ్మ. "అయితే ఇంత బిన్నా, ఉరుకులు పెట్టి పాడితే కలుపు యాడ తీసేది? చెయ్యి గడ్డి దగ్గరికి పోవల్ల కదా."

పెట్టె గొల్లుమంది. మునేష్ నవ్వలేదు. "ఎట్ల పాడల్ల అవ్వా? నువ్వు పాడి సూపించు."

"ఈ రచ్చలో నా గొంతు ఎవురికి ఇనబడుతాది? బండి నిలిస్తే పాడతాను."

వైట్‌ఫీల్డ్ బయట సిగ్నల్ దగ్గర ఆ బండి ఆగడం కొత్తేమీ కాదు. రోజూ ఆగుతుంది, రోజూ అందరూ గొణుగుతారు. ఆ రోజూ ఆగింది. చక్రాల చప్పుడు పోయింది. కింద కంకర మీద ఎండ.

తాయమ్మ పాడింది. ఉమాదేవి మునేష్ చెవి దగ్గర పాడినదానిలో, గిటార్లు వాయించినదానిలో సగం వేగం. "సాలెంబడి సాలొచ్చె" అని ఆగింది. ఆగినప్పుడు ఆమె కుడిచెయ్యి ఒళ్ళోంచి కొంచెం ముందుకు పోయి, వెనక్కి వచ్చింది. "సన్నరాగి సేను," మళ్ళీ ఆగింది, మళ్ళీ చెయ్యి పోయి వచ్చింది. గొంతులో జీర ఉంది, పైస్థాయి అందక ఒకచోట విరిగింది. ఆమె పట్టించుకోకుండా ముందుకు పోయింది. మునేష్ పాట రెండో వరస నుంచి ఆమె ఆగినచోట మాత్రం ఒక్కొక్క తీగ మీటాడు. ఒక తీగ, అది ఆరిపోయేదాకా ఊరకుండటం, మళ్ళీ ఒక తీగ. చంద్రు గిటారును బోర్లించి ఒళ్ళో పెట్టుకుని వింటూ ఉండిపోయాడు.

నాలుగు వరసల తర్వాత ఉమాదేవికే తెలియని ఇంకో రెండు వరసలు పాడింది. అందులో అత్త లేదు, సద్ది లేదు. సందేళ కొంగులో పిడికెడు కలుపుపూలు తీసుకుని ఇంటికి పోవడం గురించి. అంతలో కూత వేసి బండి కదిలింది. తాయమ్మ ఠక్కున ఆపేసింది.

"ఇంగ సాలు. ఇట్ల పాడల్ల."

పేకాటలో ఎప్పుడూ ముందుండే ముసలాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. వాళ్ళమ్మదీ ముళబాగిలు పక్కేనట.

వైట్‌ఫీల్డ్‌లో తల్లీకూతుళ్ళు దిగి, బెంచీ మీద కూర్చుని మజ్జిగ తాగారు. "ఆ నల్లసంచీ పిలకాయ మంచోడు," అంది తాయమ్మ. "నేను నిలిచిన కాడ నిలిచినాడు." తిరుగు బండిలో కూతురి భుజంమీద నిద్రపోయింది.

ఆ తర్వాత మునేష్ వాళ్ళు ఆ పాటను రెండు రకాలుగా వాయించేవాళ్ళు. బండి పోతుంటే పరుగు పాట. సిగ్నల్ దగ్గర ఆగితే ఎవరో ఒకరు "అవ్వ పాట!" అని కేక వేసేవారు, నిదానం పాట వచ్చేది. సిగ్నల్ తొందరగా ఇచ్చేస్తే పెట్టెలో విసుక్కునే కాలం కూడా ఒకటి నడిచింది.

అది ఆరేడేళ్ళు సాగింది. ఉమాదేవి బతుకులో వేరే చాలా జరిగాయి. కూతురు శశికళ డిప్లొమా చదివి మాలూరులో ఉద్యోగంలో చేరింది. తాయమ్మ ఒక చలికాలం రెండు రోజుల జ్వరంతో పోయింది. దినాలు అయ్యాక ఉమాదేవి మళ్ళీ బండెక్కిన పొద్దున, ఎవరూ ఏమీ అడగలేదు. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు కేకా వేయలేదు. మునేష్ తనంతట తనే అవ్వ పాట వాయించాడు, మాటలు లేకుండా, తీగలు మాత్రమే. ఉమాదేవి ఏడ్చింది. మొగవాళ్ళ మధ్య ఏడ్చానని సిగ్గు కూడా వేయలేదంది.

తర్వాత కరోనా వచ్చింది. బండ్లు ఆగిపోయాయి. గార్మెంట్స్ మూశారు. మళ్ళీ తెరిచినప్పుడు సగం మందినే పిలిచారు, అందులో ఉమాదేవి పేరు లేదు. ఆమె రాబర్ట్‌సన్‌పేటలో ఒక చిన్న కుట్టు దుకాణంలో చేరింది. అక్కడ జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలు మొదటినుంచి చివరిదాకా తనే కుడుతుంది. ఆ పని ఆమెకు నచ్చింది. బండితో మాత్రం సంబంధం తెగిపోయింది.

రెండేళ్ళ తర్వాత కళ్ళ పరీక్షకు బెంగళూరు పోవలసి వచ్చింది. చివరి పెట్టెలోకే ఎక్కింది. సీటు సులువుగా దొరికింది. అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. బంగారుపేటలో నల్లసంచులు ఎక్కలేదు. శెనక్కాయలు అమ్మే అతను పాతవాడే. అతన్ని అడిగింది.

"గిటారోళ్ళు వస్తాండారాప్పా?"

"యాడొస్తారమ్మా? ఒకాయన కోలారులో ఫోన్ల అంగడి పెట్టినాడంట. ఇంగొకాయన హొసూరికి పోయినాడు."

కోలారులో ఫోన్ల అంగళ్ళు చాలా ఉన్నాయి. ఉమాదేవి వెంటనే వెతకలేదు. పని, ఇల్లు, కళ్ళ ఆపరేషన్. పోయిన ఏడాది ఈశ్వరప్ప ఆటోకు కాగితాల పనిమీద కోలారు పోతుంటే తనూ ఎక్కింది. ఆయన ఆఫీసులో ఉన్నంతసేపూ బస్టాండు చుట్టుపక్కల అంగళ్ళు తిరిగింది. ఒక సందులో, ఫోన్ల కవర్లు వేలాడేసిన చిన్న అంగడిలో, కళ్ళద్దాలు పెట్టుకుని ఫోను విప్పుతూ మునేష్ కనబడ్డాడు. జుట్టు తెల్లబడింది.

"అప్పా మునేషూ."

అతను తలెత్తి కాసేపు చూసి, స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "సద్దక్కా!" అన్నాడు. ఆమె అసలు పేరు అతనికి ఎప్పుడూ తెలియదు.

గిటారు అంగడి వెనక గోడకే ఉంది. కాలేజీలో పని పోయాక కొన్నాళ్ళు దాన్ని ముట్టబుద్ధి కాలేదని చెప్పాడు. ఎదురుగా వినేవాళ్ళు లేకుండా వాయిస్తే గోడతో మాట్లాడినట్టు ఉండేదట. ఇప్పుడు ఆదివారాలు అంగడి సగం షట్టర్ దించి వాయిస్తాడు. పక్క టీ అంగడివాళ్ళు, సుగటూరు నుంచి పట్టుగూళ్ళు తెచ్చి అమ్ముకుని పోయే రైతులు ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చుంటారు. చంద్రు వీలు చిక్కినప్పుడు హొసూరు నుంచి బస్సులో వస్తాడు.

ఈశ్వరప్ప ఆ రోజు పని ముగించుకుని వచ్చి, అంగడి మెట్టుమీద భార్య కూర్చుని ఉండటం చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన వాళ్ళ వాయింపు ఎప్పుడూ వినలేదు. తనూ కూర్చున్నాడు. మునేష్ ఒక కోలాటం పాట వాయించాడు. మధ్యలో ఈశ్వరప్ప భార్యతో మెల్లగా అన్నాడు, "దీనికోసమా అన్నేండ్లు నిలబడినావు?"

"ఊఁ."

"నన్నూ ఒకసారి పిలిచి ఉండొచ్చు కదా," అన్నాడు. ఉమాదేవి, నువ్వు అడగలేదు కదా అనబోయి మానుకుంది.

ఇప్పుడు నెలకొక ఆదివారం ఇద్దరూ కోలారు పోతారు. మునేష్ వాళ్ళకు రెండు స్టూళ్ళు వేసి ఉంచుతాడు. ఈశ్వరప్ప సగంలో కునుకు తీస్తాడు, అది మునేష్‌కు అలవాటైపోయింది. పోయినసారి చంద్రు వచ్చి, హొసూరులో తన పక్కింటి ముసలామె దగ్గర నేర్చుకున్న ఒక తమిళ లాలిపాట వాయించాడు. కొత్త పాట, ఇంకా చేతికి సరిగా పట్టలేదు, రెండుచోట్ల తప్పాడు. ఉమాదేవికి సగం మాటలు అర్థం కాలేదు. మళ్ళీ వాయించమని అడిగి, స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.